స్టోరు గది తలుపు తీసేముందు

ప్రియమైన మేనల్లుడికి,

ప్రభువు నామంలో వందనాలు. సంఘ కార్యదర్శివయ్యావని అక్క చెప్పింది, సంతోషం. అవ్వగానే చర్చి వెనక గది, వెస్ట్రీ ఖాళీ చేయిస్తానన్నావట. చేయించాల్సిందే. కానీ నలుగురు కుర్రాళ్ళను తీసుకెళ్ళి ఒక్క శనివారంలో తేల్చేస్తానన్నావు చూడు, అక్కడే నాకు భయం వేసింది.

ఎందుకంటే నేనూ అదే పని చేశాను. సెక్రటరీ అయిన కొత్తలో వెస్ట్రీ మూలన తుప్పు పట్టిన పెట్రోమాక్స్ లైట్లు రెండుంటే పాత ఇనుప సామాన్ల వాడికి అమ్మేశాను. కరెంటు వచ్చి ఎన్నేళ్ళయింది, ఇంకా ఇవెందుకు అనుకున్నాను. వాటిని ఇచ్చింది మన సంఘంలోని ఒక పెద్దావిడ భర్త. ఆయన పోయి అప్పటికి చాలాకాలమైంది. సంతకు వెళ్ళొస్తూ ఆవిడ ఆ లైట్లు కొట్టు ముందు వేలాడుతుండగా చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. మూడు నెలలు మాత్రం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రాలేదు. పాస్టరు అయ్యగారు నేనూ ఇంటికెళ్ళి కూర్చుంటే కాఫీ ఇచ్చి, "అడిగితే నేనే తీసుకెళ్ళేదాన్ని కదా బాబూ" అంది.

అందుకని ముందు చూడు, తర్వాత అడుగు, ఆ తర్వాతే కదిలించు. పాత ఫ్యాన్లు దించినప్పుడు రెక్కలు తుడిచి చదువు. ఒక రెక్క మీద పేరు, ఇంకో రెక్క మీద "జ్ఞాపకార్థం", మూడో దాని మీద ఇచ్చినవాళ్ళ పేర్లు ఉంటాయి. బెంచీల వెనక, గడియారం కింద కూడా చూడు. ఆ కుటుంబాలకు నువ్వే స్వయంగా కబురు చేసి, తీసుకెళ్తారా, అమ్మి ఆ డబ్బు కానుకలో కలపమంటారా అని అడుగు. చాలామంది అమ్మేయమనే అంటారు. వాళ్ళకు కావలసింది అడగడమే. ఇవి కాక రెండు ఆదివారాలు ప్రకటనల్లో చెప్పించు, ఎవరి సామాను వాళ్ళు చూసుకోమని.

పని ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టుకో. మిరపకాయ కోతలు ముమ్మరమైతే మామూలు రోజుల్లో మనిషి దొరకడు. సంక్రాంతి దాటగానే అయితే ఎండ బాగుంటుంది, క్రిస్మస్ నక్షత్రాలూ పశువుల పాకా ఎలాగూ అప్పుడే లోపల పెట్టాలి. భోజనాలు అక్కడే. సామానంతా ఆవరణలోకి తెచ్చి చెట్టు కింద పరిపించు, అందరూ చూస్తుండగా ఉంచేవి, ఇచ్చేవి, అమ్మేవి విడదీయండి. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు గిన్నెలు, గంగాళాలు స్త్రీల సమాజానికి వదిలెయ్. గిన్నె మీద చెక్కిన పేరు చూసి ఇది ఎవరింటి నుంచి వచ్చి ఉండిపోయిందో వాళ్ళే చెప్తారు. పిల్లల్ని మాత్రం గదిలోకి రానీయకు, తేళ్ళుంటాయి. యవనస్థులు పాత ఆంప్లిఫైయర్‌ బాగుచేస్తామంటారు. ఈస్టరు దాకా టైమివ్వు, అప్పటికీ పలక్కపోతే అమ్మెయ్.

ఇక కాగితాలు. వీటిని ఎవరి చేతికీ ఇవ్వకు. బాప్తిస్మ రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు, మినిట్స్ పుస్తకాలు, స్థలం కాగితాలు ఎంత చిరిగినా ఉండాల్సిందే. పెళ్ళి రిజిస్టరు మన ఇష్టానికి రాసుకున్న పుస్తకం కాదు, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసింది. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టిన పల్లెటూరి మనిషికి చాలాసార్లు బాప్తిస్మ రిజిస్టరులోని ఆ ఒక్క వరుసే పుట్టినరోజుకి ఆధారం. చెదలు పట్టిన రిజిస్టరు పేజీలు మట్టితో అతుక్కుని ఉంటాయి, గబుక్కున లాగితే సిరా రాసిన పొరే ఊడొస్తుంది. నీడలో ఆరబెట్టి, మెత్తని బ్రష్‌తో మట్టి దులిపి, ఒక్కో పేజీ ఫోన్‌లో ఫొటో తీయించు. తర్వాత నూలు గుడ్డలో చుట్టి, గోడకు జానెడు ఎడంగా పెట్టిన ఇనుప బీరువాలో పెట్టు. ప్లాస్టిక్ కవర్లు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. అమెరికా మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చింది 1842లో. ఆనాటి మిషనరీల ఉత్తరాల్లాంటివి బయటపడితే మనం దాచలేం. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్ వాళ్ళకు రాయమని అయ్యగారితో చెప్పు.

చిరిగిన బైబిళ్ళు, కీర్తనల పుస్తకాలు పాత పేపర్ల వాడికి వేయకు. రేపు బజ్జీల బండి దగ్గర ఆ కాగితంలోనే పొట్లం కట్టిస్తే ఊరంతా నీ మీదే పడుతుంది. అయ్యగారిని అడిగి సమాధుల దొడ్డిలో ఒక మూల పాతిపెట్టించు.

అమ్మేవి అక్కడే తూకం వేయించు, పక్కన ట్రెజరరు ఉండాలి. వచ్చిన డబ్బు ఎంతో వచ్చే ఆదివారం చదివి వినిపించు, రెండొందలైనా సరే. కమిటీలో తీర్మానం రాశాకే సామాన్ల రిజిస్టరులో కొట్టెయ్.

ఇంకొకటి. ఆ గదిలో కిటికీ కింద ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉంటుంది. అది నాదే. ఇల్లు మారినప్పుడు పది రోజులని పెట్టి మర్చిపోయాను, పన్నెండేళ్ళయినట్టుంది. దాని తాళం చెవి ఇక్కడ నా దగ్గరే ఉంది. నేను వచ్చేదాకా దాన్ని కదిలించకు, మీ అత్తయ్యకు చెప్పకు.

ఇట్లు,
మీ మావయ్య