కుకు అంటే కుక్క కాదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి పాస్టరు. రెండేళ్ల సేవకు టాంజానియా వెళ్తున్నాడు. అక్కడి భాష స్వాహిలీ రాదు. మాట తప్పి పదిమందిలో నవ్వులపాలవుతానని దిగులు పడుతున్నాడు. ముందుగా ఏం నేర్చుకోవాలి?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: నవ్వుతారమ్మా. నవ్వనివ్వమనండి, తనూ నవ్వమనండి. తప్పు మాట్లాడే కొత్త పాస్టరును అక్కడివాళ్లు ఇంట్లో పిల్లాడిలా దిద్దుతారు. నోరు విప్పనివాడికే భాష రాదు.

ఉచ్చారణ మనకు కష్టం కాదు. స్వాహిలీ మాటలు కూడా మన మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి. చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తి పలికితే చాలావరకు సరిపోతుంది. చిక్కంతా తెలిసినట్టు వినిపించే మాటలతోనే. అక్కడ ‘మామా’ అంటే అమ్మ, ‘బాబు’ అంటే తాత, ‘కుకు’ అంటే కోడి. భోజనానికి పిలిచిన ఇంట్లో ‘కుకు’ వండామని చెబితే మీవాడు కంగారు పడనక్కర్లేదు.

కొద్ది తేడాతో తలకిందులయ్యే జంటలను మాత్రం వెళ్లేలోపే నోటికి తెచ్చుకోవాలి. ‘మ్చుంగాజి’ అంటే కాపరి, పాస్టరు. ‘మ్చావి’ అంటే చేతబడి చేసేవాడు. తనను పరిచయం చేసుకునేటప్పుడు ఈ రెండూ కలగాపులగం కాకూడదు. ‘కుఫువా’ బట్టలు ఉతకడం, ‘కుఫా’ చనిపోవడం. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ‘కున్య్వా’తో. అది తాగడం. అందులో వకారం జారిపోతే మలవిసర్జన అవుతుంది. నీళ్లు తాగుతానని చెప్పబోయి సభంతా ఘొల్లుమనడానికి ఆ ఒక్క వకారం చాలు. పెళ్లి సంగతి చెప్పేటప్పుడు మగవాడు ‘నిమేఓవా’ అనాలి, ఆడమనిషి ‘నిమేఓలేవా’ అనాలి. కోడలు కూడా వెళ్తుంటే ఆమెకిది తప్పక చెప్పండి.

పెద్దవాళ్లు ఎదురైతే ‘షికామో’ అనాలి. పాదాలు పట్టుకుంటున్నాను అన్న అర్థం నుంచి వచ్చిన మాట అది, మన పాదాభివందనం లాంటిదే. పెద్దలు ‘మరహబా’ అని బదులిస్తారు. మీవాడికి పిల్లలు షికామో చెబితే తిరిగి షికామో అనకూడదు, మరహబా అనాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎవరింటికైనా వెళ్తే బయట నిలబడి ‘హోడీ’ అని పిలవాలి. లోపలి నుంచి ‘కరీబు’ అని వినిపించాకే అడుగుపెట్టాలి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే వెనక్కి రావడం మర్యాద.

ఇక గడియారం. భూమధ్యరేఖకు దగ్గరి దేశం కాబట్టి ఏడాది పొడవునా దాదాపు 6 గంటలకే తెల్లవారుతుంది. స్వాహిలీ లెక్క అక్కడ మొదలవుతుంది. మన పంచాంగంలో గడియలను సూర్యోదయం నుంచి లెక్కపెట్టినట్టే. పొద్దున 7 గంటలు ‘సా మోజా’, అంటే ఒకటో గంట. ‘సా తాతు’ అంటే మూడు కాదు, 9 గంటలు. గడియారంలో చిన్న ముల్లుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకెను చదివితే స్వాహిలీ గంట వస్తుంది. ఇది తెలియక పొద్దున 9 గంటల ఆరాధనకు మధ్యాహ్నం 3 గంటలకు వెళ్లి తాళం వేసిన మందిరాన్ని చూసినవాళ్లున్నారు. వారాలకూ ఇలాంటి మెలికే ఉంది. లెక్క శనివారంతో మొదలవుతుంది. కాబట్టి ‘జుమాతాతు’, అంటే మూడో రోజు, సోమవారం. మొదట్లో గంటనూ వారాన్నీ వేళ్ల మీద చూపించి మరోసారి అడిగి ఖాయం చేసుకోమనండి.

ప్రశ్న: అక్కడి పల్లె చర్చిల్లో ఆరాధన అయ్యాక వేలంపాట జరుగుతుందట, నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నిజమే. లూథరన్ సంఘాల్లో ఇది బాగా కనిపిస్తుంది. చేతిలో డబ్బు లేనివాళ్లు గుడ్లు, అరటి గెల, చెరకు, బతికున్న కోడి కానుకగా తెస్తారు. ఆరాధన తర్వాత ఆరుబయట పాట పెట్టి, వచ్చిన సొమ్మును కానుకల్లో కలుపుతారు. మన కోతల పండుగ వేలం లాంటిదే. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవాలి. పాట నడుస్తుండగా ఎవరినో పలకరించడానికి చెయ్యి ఎత్తకూడదు, కోడి మీ పేరిట పడిపోతుంది. పాడినవాళ్లు దాన్ని అతిథికే బహుమతిగా ఇస్తే రెండు చేతులా అందుకోవాలి. వద్దంటే నొచ్చుకుంటారు.

ప్రశ్న: అక్కడ నర్సుగా సేవ చేస్తున్న మా సిస్టర్ తన లోదుస్తులకు కూడా ఇస్త్రీ చేస్తున్నానని రాశారు. అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తప్పనిసరి. మామిడి ఈగ అని పిలిచే ఒక ఈగ తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్ట ఒంటిని తాకితే పిల్లపురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా లేస్తుంది, నడిమధ్య చిన్న రంధ్రం కనిపిస్తుంది. వేడి ఇస్త్రీతో గుడ్లు చస్తాయి. రెండు వైపులా చేయాలి. నడుము పట్టీ, కుట్ల మడతలు వదిలేస్తే అక్కడే మిగిలిపోతాయి. కరెంటు లేని ఊళ్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె పనికొస్తుంది. గడ్డ లేస్తే పిసకకూడదు. పురుగు లోపలే చితికితే చీము పడుతుంది. రంధ్రం మీద వాజలీన్ దట్టంగా రాస్తే గాలి అందక పురుగు పైకి వస్తుంది, అప్పుడు తీయాలి.

ప్రశ్న: అక్కడివాళ్లు తినే ఉగాలి మన సంగటి లాంటిదేనా? ఎంత కలిపినా ఉండలు కడుతోందని మా తమ్ముడు ఫోన్లో వాపోతున్నాడు.
– ఒక అక్క, కడప

జవాబు: చూపుకు సంగటే, పిండి మాత్రం తెల్ల మొక్కజొన్నది. నూక వేయరు, మామూలుగా ఉప్పు కూడా వేయరు. పిండంతా ఒక్కసారి మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కట్టక మానదు. నాలుగు గ్లాసుల నీళ్లకు రెండు నుంచి రెండున్నర గ్లాసుల పిండి సరిపోతుంది. ముందు గుప్పెడు పిండిని చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి జావ కాచాలి. జావ ఉడుకుతుండగా మిగతా పిండిని కొంచెం కొంచెంగా వేస్తూ కర్ర తెడ్డుతో గిన్నె అంచుకేసి మెదపాలి. ముద్ద అంచులు వదిలాక సన్న సెగ మీద ఐదు నిమిషాలు మగ్గనివ్వాలి. పచ్చివాసన పోకముందే దించితే కడుపు ఉబ్బుతుంది. కుడిచేత్తో చిన్న ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, దాంతో కూర అందుకుంటారు. సంగటి తిన్న చేతికి ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది.

ప్రశ్న: సామానులో ఏం పెట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందుగా ఎల్లో ఫీవర్ టీకా. ఇథియోపియా, కెన్యా మీదుగా ప్రయాణాలు తగులుతుంటాయి కాబట్టి, బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, పాస్‌పోర్టుతోనే ఉంచుకోవాలి. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడగాలి, దోమతెర మరవకూడదు. అక్కడి ప్లగ్గులకు ఎక్కువగా మూడు దీర్ఘచతురస్రాకారపు కాళ్లు ఉంటాయి, మనవి పట్టవు, అడాప్టరు కావాలి. 2019 జూన్ 1 నుంచి అక్కడ ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. పొడులు, ఊరగాయ డబ్బాలు గుడ్డ సంచుల్లో సర్దుకోవాలి. కందులు మాత్రం మోయనక్కర్లేదు. ‘మ్బాజి’ అని అడిగితే అక్కడి సంతల్లోనే దొరుకుతాయి. చింతపండును ‘ఉక్వాజు’ అంటారు.