డౌన్ పేమెంటు కట్టాక చేతిలో ఎంత మిగులుతుంది?

హెచ్1బి వీసా మీద వచ్చి డాలస్ పరిసరాల్లో మొదటి ఇల్లు కొనబోతున్న మీరు, డౌన్ పేమెంటు ఎంత కడితే మంచిదని అడిగారు. అది కట్టిన తరువాత చేతిలో ఎంత మిగులుతుందన్నది దానికన్నా ముందు తేల్చుకోవలసిన లెక్క. కొత్తగా వచ్చినవారు వడ్డీలో పావు శాతం కోసం నలుగురు రుణదాతలతో బేరమాడతారు గాని ఈ లెక్క వేయరు. ఆ రోజుల్లో నేనూ వేయలేదు.

నిబంధనలు మీరే చూసుకోగలరు కనుక క్లుప్తంగా చెబుతాను. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేని వీసాదారులకు ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్ఏ రుణాలు లేవు కాబట్టి ప్రభుత్వ బీమా లేని కన్వెన్షనల్ రుణమే చూసుకోవాలి. అందులో ఇంటి ధరలో 20 శాతం కన్నా తక్కువ డౌన్ పేమెంటు కడితే, రుణదాత రక్షణ కోసం పీఎంఐ అనే ప్రైవేటు బీమా ఖర్చు నెలనెలా మన మీద పడుతుంది.

ఆ పీఎంఐ తప్పించుకోవాలన్న పట్టుదలతో నేను పొదుపంతా ఊడ్చి, నాన్నగారు పంపిన డబ్బుకు అది అప్పు కాదు, కానుకేనని తెలిపే గిఫ్ట్ లెటర్ కూడా జతచేసి, పూర్తిగా 20 శాతం కట్టాను. స్థిరమైన వడ్డీ గనుక కిస్తీ ముప్పై ఏళ్లూ మారదనుకున్నాను. టెక్సాస్‌లో ఆస్తిపన్నుకు జనవరి 1 నాటి విలువే ఆధారం. ఆ రోజుకు మా ఇల్లు పునాది మీద నిలబెట్టిన చెక్కల చట్రం మాత్రమే కావడంతో, మొదటి ఏడు పన్ను దాదాపు స్థలానికే పడింది. ఆ పన్ను కోసం రుణదాత కిస్తీతోపాటే నెలనెలా వసూలుచేసి జమచేసే ఖాతాను ఎస్క్రో అంటారు. రెండో ఏడు పూర్తయిన ఇంటికి పన్ను పడేసరికి, ఆ ఎస్క్రో లెక్క సరిచేస్తూ ఉత్తరం వచ్చింది.

ఉదాహరణకు 5 లక్షల డాలర్ల ఇంటికి పన్ను 2 శాతమైతే ఏడాదికి 10,000 డాలర్లు. ఎస్క్రోలో లక్ష డాలర్ల స్థలం లెక్కన 2,000 మాత్రమే జమచేసి ఉంటే 8,000 లోటు పడుతుంది. ఆ లోటును 12 నెలలకు పంచితే నెలకు 667 డాలర్లు, ఇకపై పడే అసలు పన్ను తేడా మరో 667, వెరసి కిస్తీ ఒక్కసారిగా సుమారు 1,333 డాలర్లు పెరుగుతుంది. మా కిస్తీ కూడా ఇలాగే పెరగడంతో ఆ ఏడాది మేము ఇండియా ప్రయాణం మానుకున్నాం, అమ్మకు పంపే డబ్బు తగ్గించాం. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అయినా ఒక్క కిస్తీ తప్పకుండా నిలబెట్టుకున్నాం.

అందుచేత పీఎంఐ కట్టడాన్ని చిన్నతనంగా భావించకండి. అప్పు ఇంటి కొన్నప్పటి విలువలో 80 శాతానికి దిగాక దాన్ని తీసివేయమని రాసి అడగవచ్చు. చేతిలో మాత్రం కనీసం ఆరు నెలల కిస్తీలకు సరిపడా నగదు ఉంచుకోండి. ఉద్యోగం పోతే మన వీసాకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులే, అంతలో ఇల్లు అమ్ముడుపోదు. ఇంట్లో చేరగానే డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా మార్చి, పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో, సొంతంగా నివసించే ఇంటికి పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు పెట్టండి. దీనికి రుసుము లేదు. 2025 నుంచి స్కూలు పన్ను లెక్కలో 1,40,000 డాలర్ల విలువ తగ్గిస్తున్నారు.

రుణానికి దరఖాస్తు చేసిన మూడు పనిదినాల్లో, కిస్తీ, ఖర్చుల అంచనా చూపే లోన్ ఎస్టిమేట్ అనే కాగితం వస్తుంది. అందులో వేసిన పన్ను ఖాళీ స్థలం మీదా, పూర్తయిన ఇంటి మీదా అని సంతకానికి ముందే అడగండి. స్థలం మీదైతే, పూర్తయిన ఇంటి లెక్కతో మరో కాగితం ఇమ్మని అడిగి, ఆ కిస్తీ మీ జీతానికి తూగుతుందో లేదో చూసుకోండి.