టెక్ సందేహాలు: పీఏకి ఇవ్వాల్సింది పాస్‌వర్డ్ కాదు, పర్మిషన్

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: యజమానికీ పీఏకీ మధ్య పని ఎలా సాగాలి? మూడు యజమానులు అడిగినవి, ఒకటి పీఏగా పనిచేస్తున్న అమ్మాయి అడిగింది. మిగతా ప్రశ్నలు వచ్చే వారానికి ఉంచి, వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మాది గుంటూరులో మిర్చి ఎగుమతి వ్యాపారం. మెయిల్స్ మా పీఏ చూస్తుంది కాబట్టి నా జీమెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చాను. లాగవుట్ అయినప్పుడల్లా ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పించి కాయ చూసుకుంటుంటే ‘సార్, ఓటీపీ’ అని ఫోన్. ఈ టూ స్టెప్ వెరిఫికేషన్ తీసేయొచ్చా?

జవాబు: తీసేయకండి. తీసేయాల్సింది ఆమె దగ్గరున్న మీ పాస్‌వర్డ్. ఆ ఒక్క పాస్‌వర్డ్‌తో మెయిల్ ఒక్కటే కాదు, మీ ఇంటి ఫొటోలు, డ్రైవ్‌లో దాచిన దస్తావేజులు, క్రోమ్‌లో సేవ్ చేసుకున్న ఇతర పాస్‌వర్డులు కూడా తెరుచుకుంటాయి. ఆ అమ్మాయి ఎంత నమ్మకస్తురాలైనా, అవన్నీ కాపాడే భారం ఆమె మీద వేయడం న్యాయం కాదు. రేపు ఏదైనా పోతే మొదట అనుమానించేది ఆమెనే.

జీమెయిల్‌లో దీనికి ‘డెలిగేట్’ అనే ఏర్పాటు ఉంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్’కి వెళ్లండి. ‘గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్’ దగ్గర మీ పీఏ జీమెయిల్ చిరునామా చేర్చండి. ఆమెకి ఒక మెయిల్ వెళుతుంది. వారంలోగా ఒప్పుకోకపోతే ఆ ఆహ్వానం చెల్లదు, మళ్లీ పంపాలి. ఒప్పుకున్నాక అమల్లోకి రావడానికి ఒక్కోసారి రోజు పడుతుంది, కంగారు పడకండి. ఆ తర్వాత ఆమె తన లాగిన్‌తోనే మీ మెయిల్స్ చదువుతుంది, జవాబిస్తుంది, అనవసరమైనవి తీసేస్తుంది. మీ పాస్‌వర్డ్ మార్చే వీలు మాత్రం ఆమెకి ఉండదు. మామూలు జీమెయిల్‌లో ఇలా పది మంది దాకా చేర్చుకోవచ్చు. ఆమె ఉద్యోగం మానేస్తే ఆ పేరు ఒక్కటి తీసేస్తే సరిపోతుంది. ఈ ఏర్పాటు పూర్తికాగానే మీ పాస్‌వర్డ్ మార్చేయండి.

ఎగుమతులు చేసేవాళ్లకి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు కొత్త ఖాతాకి పంపండి’ అని తెలిసిన కంపెనీ పేరుతోనే మోసపు మెయిల్స్ వస్తుంటాయి. అలాంటిది ఏది వచ్చినా మెయిల్‌లో జవాబివ్వకుండా, మీ దగ్గర పాతగా ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోమని మీ పీఏకి చెప్పండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి కాదు. అందుకోసం పేమెంట్ ఒక పూట ఆగినా ఆమెని ఏమీ అనకండి. మాట పడుతుందని తెలిస్తే, ఇంకోసారి ఆపడానికి ఆమె భయపడుతుంది.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు వర్క్‌షాప్, గుంటూరులో బ్రాంచి ఉన్నాయి. పీఏని పెట్టుకున్నాక కూడా ఒకే టైమ్‌కి రెండు మీటింగులు పడుతున్నాయి. మంచి క్యాలెండర్ యాప్ ఏదైనా చెప్పండి.

జవాబు: మీ ఫోన్‌లో ఉన్న గూగుల్ క్యాలెండర్ చాలు. కంప్యూటర్‌లో క్యాలెండర్ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘సెట్టింగ్స్ అండ్ షేరింగ్’లో మీ పీఏని చేర్చండి. అక్కడ పర్మిషన్లు నాలుగు రకాలు. ఆమెకి ‘మేక్ చేంజెస్ టు ఈవెంట్స్’ ఇవ్వండి. చూడటానికి మాత్రమే పర్మిషన్ ఇస్తే ప్రతి మార్పుకీ మళ్లీ మీకే ఫోన్ చేయాల్సి వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మార్పులు చేసే పర్మిషన్ ఉన్నవాళ్లకి, మీరు ‘ప్రైవేట్’ అని పెట్టినవి కూడా కనిపిస్తాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్, ఇంట్లో పెళ్లిచూపులు లాంటివి ఆఫీసులో తెలియకూడదనుకుంటే వాటికి వేరే క్యాలెండర్ తెరవండి. దాన్ని పీఏకి ‘ఫ్రీ, బిజీ’ మాత్రమే కనిపించేలా షేర్ చేయండి. ఆ టైమ్‌లో మీరు ఖాళీగా లేరని తెలుస్తుంది, ఎందుకన్నది తెలియదు. ఔట్‌లుక్‌లోనూ డెలిగేట్ ఏర్పాటు ఉంది. అందులో ప్రైవేట్ అపాయింట్‌మెంట్లు ఆమెకి చూపించాలా వద్దా అన్నది విడిగా ఎంచుకోవచ్చు.

ఇక అసలు సంగతి. గొల్లపూడిలో నాకు తెలిసిన ఒక హోల్‌సేల్ ఆఫీసులో పీఏ టేబుల్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ చూశాను. ఒక పేజీ పైన ఎర్ర ఇంకుతో ‘సార్ మాట ఇచ్చినవి’ అని రాసి ఉంది. దాని కింద వరసగా తేదీలు, పేర్లు. పెళ్లి భోజనాల్లో, కారులో, ఫోన్‌లో సార్ ‘సరే, గురువారం వస్తా’ అన్నవన్నీ, అవతలివాళ్లు ఆఫీసుకి ఫోన్ చేశాక ఆమెకి తెలిసినవి. ఆ పేజీ దాదాపు నిండిపోయింది. క్యాలెండర్‌లో లేని ఆ మాటల వల్లే మీటింగులు ఢీకొంటున్నాయి. మీ దగ్గరా జరుగుతున్నది ఇదేనని నా నమ్మకం. ఏ యాప్ వేసుకున్నా ఇది తీరదు. ఎవరు అడిగినా ‘మా ఆఫీసు నుంచి ఫోన్ చేసి టైమ్ ఖాయం చేస్తారండి’ అనడం అలవాటు చేసుకోండి. మొదట్లో మొహమాటంగా ఉంటుంది. అడిగినవాళ్లు మాత్రం ఏమీ అనుకోరు.

రోజూ పొద్దున పది నిమిషాలు పీఏతో కూర్చోండి. ఫోన్ బోర్లా పెట్టి, ఈరోజు, రేపు, ఎల్లుండి ఏమున్నాయో ఇద్దరూ కలిసి చూడండి. ఏ మీటింగ్ మానినా నష్టం లేదో, ఎవరి ఫోన్ వస్తే మిమ్మల్ని మధ్యలో లేపాలో చెప్పండి. ప్రయాణాన్ని కూడా క్యాలెండర్‌లో పెట్టించండి. ఆటోనగర్‌లో పదకొండింటికి ముగిసే మీటింగ్ తర్వాత గుంటూరులో పదకొండున్నరకి ఇంకోటి పెడితే ఎలా? బెంజి సర్కిల్, వారధి దాటి మంగళగిరి మీదుగా వెళ్లేసరికి గంట దాటిపోతుంది. అందుకే గంటన్నరని ‘ప్రయాణం’ అని విడిగా నింపేస్తే, అది చూసి అందులో ఎవరూ ఇంకేదీ పెట్టరు.

ప్రశ్న: ఆఫీసు చిల్లర ఖర్చులకి పీఏకి నా యూపీఐ పిన్ చెప్పొచ్చా?

జవాబు: వద్దు. 2024లో వచ్చిన ‘యూపీఐ సర్కిల్’ సరిగ్గా ఇందుకే. మీ ఖాతా నుంచి ఆమె తన ఫోన్‌తోనే చెల్లిస్తుంది. పూర్తి అనుమతి ఇస్తే నెలకి 15,000 రూపాయల లోపు, ఒక్కోసారి 5,000 లోపు మీరే పరిమితి పెట్టుకోవచ్చు. అంత వద్దనుకుంటే, ప్రతి చెల్లింపూ మీరు పిన్ కొట్టాకే వెళ్లేలా పెట్టుకోండి. పెద్ద మొత్తాలకైతే మీ బ్యాంకు కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో మేకర్, చెకర్ పద్ధతి అడగండి. ఆమె ఎంటర్ చేస్తుంది, మీరు ఆమోదిస్తారు.

ప్రశ్న: నేను విజయవాడలో ఒక కంపెనీ ఎండీకి పీఏని. రాత్రి పదకొండింటికి సార్ వాట్సాప్‌లో వరసగా వాయిస్ మెసేజ్‌లు పెడతారు. పొద్దున ఏదో ఒకటి మర్చిపోయి తిట్లు తింటున్నాను. చాలా టెన్షన్‌గా ఉంటోంది. ఇంకొకటి, సార్ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ ఫారాల మీద సంతకం పెట్టడానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది) నా డ్రాయర్‌లోనే ఉంటుంది, పిన్ కూడా నాకు తెలుసు. దీనివల్ల ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: మర్చిపోవడం మీ తప్పు కాదమ్మా. పది వాయిస్ మెసేజ్‌లలో నాలుగు పనులు కలిసిపోతే ఎవరైనా మర్చిపోతారు. గూగుల్ కీప్‌లో టిక్ బాక్సులతో ఒక నోట్ తెరిచి సార్‌తో షేర్ చేయండి. రాత్రి ఏ ఆలోచన వచ్చినా ఆయన అందులోనే చెప్పేయొచ్చు. జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైక్ నొక్కితే మాటలు అక్షరాలవుతాయి, టైప్ చేసే బాధ లేదు. పొద్దున మీరు ఒక్కొక్కటీ టిక్ పెడుతుంటే ఆయనకీ కనిపిస్తుంది. పక్కనే ‘ఎప్పటికి కావాలి’ అన్నది రాయమని అడగండి. రాత్రి గుర్తొచ్చినవన్నీ పొద్దున్నే కావాల్సినవి కావు. ఆ సంగతి ఆయనకీ రాస్తేనే తెలుస్తుంది.

మీ సార్‌కి నా మాటగా ఒకటి చెప్పండి. రాత్రి గుర్తొచ్చింది రాసుకోవడం మంచిదే. కానీ ఆ టైమ్‌లో పీఏ ఫోన్ మోగక్కర్లేదు. మెయిల్ అయితే ‘షెడ్యూల్ సెండ్’ పెట్టి పొద్దున తొమ్మిదింటికి వెళ్లేలా చేయొచ్చు.

టోకెన్ విషయంలో మాత్రం ఇబ్బంది ఉంది. 2000 నాటి ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం ప్రకారం ఆ సంతకం చేత్తో పెట్టిన సంతకంతో సమానం. మీరు పిన్ కొట్టి పంపిన ప్రతి ఫారం మీదా ఆయన సంతకం పడినట్టే. ఎక్కడైనా తేడా వస్తే ‘నేను పెట్టలేదు’ అని ఆయన అంటారు, ‘మీరే పెట్టమన్నారు’ అని మీరంటారు. మీ దగ్గర రుజువేమీ ఉండదు. ఫారం నింపడం, కాగితాలు జతచేయడం దాకా మీరు చేయండి. టోకెన్ గుచ్చి పిన్ కొట్టడం సార్ చేయాలి, రెండు నిమిషాల పని. రేపు ఆఫీసుకి వెళ్లగానే టోకెన్ ఆయన చేతికిచ్చి, మీ ముందే పిన్ మార్చుకోమని అడగండి.