గోదాము గచ్చు: మందం ముందా, స్లాగ్ ముందా?

ప్రశ్న: 20,000 చదరపు మీటర్ల గోదాము కడుతున్నాం. నేలకు 200 మి.మీ. కాంక్రీటు డిజైన్ చేశారు. సిమెంటులో సగానికి బదులు స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం పొడి) వాడితే కార్బన్ భారం తగ్గినట్టేనా?

జవాబు: తగ్గుతుంది. కానీ ముందు మందం సంగతి తేల్చండి. ఆ 200 ఎలా వచ్చిందో డిజైనర్‌ను అడగండి. పాత ప్రాజెక్టు నుంచి దిగిన అంకె కావచ్చు. ఒక్కో ర్యాకు కాలి మీద పడే బరువు, కాళ్ళ మధ్య దూరం, బేస్ ప్లేటు కొలత, ప్లేట్ లోడ్ పరీక్షలో తేలిన నేల గట్టిదనం ఇచ్చి మళ్ళీ లెక్క కట్టించండి. 25 మి.మీ. తగ్గినా 500 ఘనపు మీటర్ల కాంక్రీటు మిగులుతుంది. ఘనపు మీటరుకు 340 కిలోల చొప్పున 170 టన్నుల సిమెంటు. మామూలు సిమెంటైతే సుమారు 150 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆగినట్టు.

ఈ ఆదా అంతా కింది కంకర పొర దగ్గరే పోగొట్టుకోవచ్చు. అది సగటున 15 మి.మీ. పల్లంగా ఉంటే 300 ఘనపు మీటర్ల కాంక్రీటు దాన్ని పూడ్చడానికే సరి. మిట్టగా ఉన్నచోట గచ్చు పలచబడి పగులుతుంది. లేజర్‌తో చదును చేయించి, కాంక్రీటు పోసేముందు గడులవారీగా లెవెల్ చూడండి.

ఇక స్లాగ్. ఇది నిదానంగా గట్టిపడుతుంది, చలిలో మరీ నిదానం. అలవాటు కొద్దీ పవర్ ట్రోవెల్ (గచ్చు పైభాగం నున్నగా రుద్దే యంత్రం) తొందరగా ఎక్కిస్తే పైకి రావాల్సిన నీరు లోపలే చిక్కి, పైపొర పెచ్చులుగా లేస్తుంది. జాయింట్లు (పగులు గీత వెంటే వచ్చేలా గచ్చులో కోసే గాట్లు) గడియారం చూసి కోయకండి. అంచు రాలకుండా తెగుతున్న వెంటనే కోయాలి, ఆలస్యమైతే పగులు అడ్డదిడ్డంగా వస్తుంది. కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకండి. ర్యాకులు ఎక్కించే తేదీకి వీలైతే, బలాన్ని 28కి బదులు 56 రోజులకు పరీక్షించేలా ఒప్పందంలో రాయించండి.

ప్రశ్న: స్తంభాలకు, దూలాలకు తుక్కు ఉక్కు కొంటే చాలదా?

జవాబు: తేడా పెద్దదే. బ్లాస్ట్ ఫర్నేస్‌లో (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమిలో) మొదలయ్యే ఉక్కు టన్నుకు సుమారు 2.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్, తుక్కును విద్యుత్ కొలిమిలో కరిగించిన ఉక్కుకు సుమారు 0.7. అయితే ఆ కరెంటు బొగ్గుదైతే తేడా తగ్గుతుంది. అసలు ఉక్కు బరువే తగ్గే దారి ముందు వెతకండి. స్తంభాల మధ్య దూరం పెంచేకొద్దీ దూలాల బరువు వేగంగా పెరుగుతుంది, ర్యాకుల వరుసల మధ్య స్తంభం ఇమిడేచోట ఆ ఖర్చు అనవసరం. కొనేటప్పుడు కంపెనీ సగటు అంకె ఒప్పుకోకండి. ఆ మిల్లు, ఆ సెక్షన్ (దూలం ఆకారం, కొలత) పేరిట ఉన్న ఈపీడీ (ఉత్పత్తి పర్యావరణ ప్రభావాన్ని లెక్కగట్టి చూపే పత్రం) అడగండి, అదీ ఆర్డరుకు ముందే. తర్వాత అడిగితే స్టాకులో ఉన్నదే వస్తుంది.