చర్మం మంటకు కప్ప పెప్టైడ్ క్రీము వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. చీలమండ పైన అరచేతి వెడల్పున ఎర్రటి మచ్చ వచ్చి ఏడు నెలలైంది. స్నేహితుడు చెప్పిన మూడు మందుల క్రీము నాలుగు నెలలుగా రాస్తున్నాను. రాస్తే తగ్గుతోంది, మానితే తిరగబెడుతోంది. వారం నుంచి నొప్పి కూడా ఉంది. కప్ప చర్మంలోని సహజ పెప్టైడ్‌లు (ప్రోటీన్‌ల లాంటి చిన్న అణువులు) మంటను, నొప్పిని తగ్గిస్తాయని చదివాను. అలాంటి క్రీము ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?

జవాబు: తెప్పించుకోవద్దు. మీరు అడిగింది పెప్టైడ్‌ల గురించే అయినా, నన్ను కలవరపెడుతున్నవి ఆ నాలుగు నెలల క్రీము, ఈ వారం రోజుల నొప్పి. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన క్రీములలో స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణచివేస్తుంది. అడుగున తామర (ఫంగస్ ఇన్ఫెక్షన్) ఉంటే అది విస్తరిస్తూనే ఉంటుంది, పైగా దాని అంచు చెరిగిపోవడంతో చూసిన డాక్టరు కూడా పొరబడే ప్రమాదం ఉంది. మచ్చ ఉన్నచోట చర్మం పలచబడి సన్నని ముడతలు పడుతున్నా, ఎర్రటి రక్తనాళాలు దారాల్లా కనిపిస్తున్నా అది స్టెరాయిడ్ చేసిన నష్టమే కావచ్చు. స్నేహితుడికి పనిచేసిన మందు మీ జబ్బుకు మందు కాదని ఇంత చదివిన మీకు తెలియనిది కాదు.

ఇక పెప్టైడ్‌ల సంగతి. 1987లో శాస్త్రవేత్త మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్‌లైన మాగైనిన్‌లను గుర్తించారు. వాటి ఆధారంగా రూపొందించిన పెక్సిగనాన్‌ను మధుమేహుల పాదాల పుండ్లకు వాడేందుకు 1999లో మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించింది. మన చర్మం కూడా ఎల్ఎల్-37 వంటి పెప్టైడ్‌లను తయారుచేసుకుంటుంది. ఎటోపిక్ డెర్మటైటిస్ (ఒక రకం ఎగ్జిమా) మచ్చల్లో ఇది తక్కువగా ఉంటుంది. సోరియాసిస్‌లో, రోజేసియా (ముఖం ఎర్రబడే చర్మవ్యాధి)లో అధికంగా ఉండి ఇన్‌ఫ్లమేషన్‌ను (ఎరుపు, వాపు, మంటను) రెచ్చగొడుతుంది. అందువల్ల మీ మచ్చ ఏమిటో తేలకుండా, సహజమైనదే కదా అని పెప్టైడ్ రాయడం సరికాదు. నొప్పి తగ్గించే గుణంపై పరిశోధన ఇంకా తొలి దశలోనే ఉంది.

లేఖ చదివి రోగనిర్ధారణ చేయడం సాధ్యం కాదు. ఈ వారంలోనే చర్మవ్యాధి నిపుణుణ్ని కలవండి. పొలుసు గీకి మైక్రోస్కోపు కింద చూడటం, రక్తంలో షుగరు పరీక్ష అవసరం కావచ్చు. మచ్చ చుట్టూ వేడి, వాపు, పాకుతున్న ఎరుపు, జ్వరం, చలి వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆ ట్యూబును వెంట తీసుకెళ్లి, ఎన్ని నెలలు రాశారో దాచకుండా చెప్పండి.