గాజు తొట్టె వద్దు, జాలీ గూడు కట్టించండి

ప్రశ్న: మా తమ్ముడి స్నేహితుడు అమెరికా వెళ్తూ తను పెంచుకుంటున్న విదేశీ ఊసరవెల్లి, వెయిల్డ్ కమీలియన్‌ను మాకిచ్చాడు. పాత చేపల తొట్టెలో పెట్టి పైన బల్బు వేలాడదీశాం. రోజంతా గాజును గీరుతోంది, మధ్యాహ్నం నోరు తెరుచుకునే ఉంటోంది. గిన్నెలో నీళ్లు ముట్టడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దానికి ఎలాంటి గూడు కావాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ బల్బు ఆపేయండి. అలా నోరు తెరుస్తోందంటే చాలావరకు వేడికి తట్టుకోలేకే. చల్లబడ్డాక కూడా మూయకపోతే ఊపిరితిత్తుల జబ్బేమో డాక్టరుకు చూపించాలి.

చలిదేశాల వాళ్లు గూటిని వెచ్చగా ఎలా ఉంచాలా అని చూస్తారు. హైదరాబాద్‌లో మనం చూడాల్సింది గాలి, నీడ, నీళ్లు. గాజు తొట్టెలో గాలి ఆడదు, పైగా గాజులో తన ప్రతిబింబాన్నే ఇంకో ఊసరవెల్లి అనుకుని బెదురుతుంది. కిటికీలకు దోమల జాలీ బిగించేవాళ్ల దగ్గర రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున అల్యూమినియం ఫ్రేమ్ చేయించండి. నైలాన్ జాలీ వద్దు, మేతకు వేసిన కీచురాళ్లు కొరికేస్తాయి. గూటిని స్టూలు మీదో బల్ల మీదో పెట్టండి. మనకంటే ఎత్తులో ఉంటేనే దానికి ధైర్యం.

లోపల జామ కొమ్మలు అడ్డంగా, లావూ సన్నం కలిపి కట్టండి. మందార, మనీ ప్లాంట్ కుండీలు దట్టంగా పెట్టండి. అది ఆకులు కూడా తింటుంది కాబట్టి నర్సరీ మందు పోయేలా బాగా కడగాలి. గన్నేరు మాత్రం వద్దు, విషం. అడుగున మట్టి, ఇసుక పరచొద్దు.

గిన్నెలో నిలిచిన నీళ్లు దాని కంటికి ఆనవు. ఆకుల మీద జారే చుక్కలనే తాగుతుంది. సెలైన్ ట్యూబును సీసాకు తగిలించి చుక్కచుక్కగా పడేలా పెట్టండి, తెల్లవారుజామున, రాత్రి స్ప్రే చేయండి. బోరు నీళ్లు ఆకుల మీద తెల్లటి మరకలు వదులుతాయి, ఫిల్టర్ నీళ్లు వాడండి.

ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 29 నుంచి 32 డిగ్రీలు చాలు. మే నెలలో గదే అంతకు మించుతుంది, అప్పుడు బల్బు అక్కర్లేదు, కూలర్ కావాలి. రాత్రి పూర్తి చీకటి. ఎండలో ఉండే యూవీబీ కిరణాలనిచ్చే టీ5 రకం ట్యూబులైటు మాత్రం తప్పనిసరి, అది లేకపోతే ఎముకలు వంగిపోతాయి. వెలుగుతున్నా సరే, ఏడాదికోసారి మార్చండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దానికి బదులు కాదు.

మన ఊళ్లలో తిరిగే ఊసరవెల్లి అయితే పెంచుకోకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. మీది యెమెన్, సౌదీ వైపు జాతి. అయినా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి, చేతులు మారిన సంగతీ అక్కడ చెప్పాలి. ఇచ్చినాయన్ని కాగితాలు అడగండి.

ఇంకొకటి. వెనక పాదాల మడమ మీద చిన్న ముల్లులాంటిది ఉందేమో చూడండి. లేకపోతే అది ఆడది, మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకునే చోటు లేక గుడ్లు కడుపులోనే ఉండిపోతే ప్రాణానికే ముప్పు. అడుగు లోతు తడి ఇసుకతో ఒక టబ్బు గూట్లో ఎప్పుడూ ఉంచండి.