గాబ్లిన్ కత్తి కింద పడేశాక

తమ్ముడికి,

ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి ఆడే మన ఆట కోసం నువ్వు రాసి పంపిన అడ్వెంచర్ (ఆడాల్సిన కథ) రెండుసార్లు చదివాను. గుహ బాగుంది. వాగు పొంగి వెనక్కి వెళ్లే దారి తెగిపోయే ఘట్టం ఇంకా బాగుంది. అయితే ప్రతి పాత్ర పేరు కిందా నువ్వు ముందుగా రాసింది దాని అలైన్‌మెంట్, అంటే ఆ పాత్ర నైతిక స్వభావం చెప్పే ముద్ర. పూజారి లాఫుల్ గుడ్ (కట్టుబాటున్న మంచివాడు), దొంగ కేయాటిక్ న్యూట్రల్ (కట్టుబాటు లేని, మంచీ చెడూ కానివాడు), గాబ్లిన్లు అనే గుహలోని పొట్టి రాక్షసులు ఈవిల్ (చెడ్డవాళ్లు). ఇక ఆ తర్వాత వాళ్లు చేసిందంతా ఆ ఒకటి రెండు మాటలకు లోబడే సాగింది. పూజారి ఒక్కసారైనా భయపడలేదు. గాబ్లిన్లలో ఒక్కదానికీ ఆకలి వేయలేదు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట తెచ్చినప్పుడు ఉన్న అలైన్‌మెంట్లు మూడే: లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అల్లకల్లోలం). సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడల్లోంచి పుట్టిన ఆట కదా, ఎవరు ఏ పక్షమో తేల్చడానికి అవి పనికొచ్చాయి. ఆ మూడూ ఒక కొలత గీత అనుకుంటే, గుడ్, ఈవిల్ (మంచి, చెడు) అనే రెండో గీత తర్వాత చేరింది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కి వచ్చేసరికి అవి, గీతకి మూడేసి చొప్పున కలిసి, తొమ్మిది గడులయ్యాయి. నువ్వు నింపుతున్నవి ఆ గడులనే.

మన భాషలో ఆలోచించేవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. ‘లాఫుల్’ అనగానే మనసులో ‘ధర్మం’ అనుకుంటాం. ధర్మం అన్న మాటలో కట్టుబాటూ మంచితనమూ కలిసే ఉంటాయి కాబట్టి రెండు గీతలూ ఒకటైపోతాయి. అందుకే నీ కథలో లాఫుల్ ఈవిల్ పాత్ర ఒక్కటీ లేదు. రాసిన పత్రం ప్రకారం, అక్షరం తప్పకుండా, అనాథల ఇల్లు జప్తు చేసే అధికారి ఎంత భయంకరంగా ఉంటాడో ఆలోచించు. అలాగే ‘కేయాటిక్’ని అరాచకం అనుకుంటే కేయాటిక్ గుడ్ పాత్రని ఊహించలేవు. కట్టుబాటు, మంచితనం అని విడివిడిగా పెట్టుకుని రాయి. న్యూట్రల్ అంటే కూడా రామాయ స్వస్తి, రావణాయ స్వస్తి అనేవాడు మాత్రమే కాదు. తన నలుగురి కోసం ప్రాణమిచ్చి, ఐదోవాడి గోడు పట్టనివాడూ న్యూట్రలే.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను గేమ్ మాస్టర్‌గా (కథ నడిపి తీర్పు చెప్పేవాడిగా) ఉన్న ఆటలో ఒక గాబ్లిన్ దొరికిపోయాడు. కత్తి కింద పడేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. వదిలేస్తే శిబిరానికి పరిగెత్తి కబురు చెబుతాడు. కట్టేసి వెళ్తే రాత్రికి తోడేళ్లు తినేస్తాయి. వెంట తీసుకెళ్లడానికి వేళ లేదు. పాలడిన్ (మంచికి కట్టుబడి దేవుడి శక్తులు పొందిన వీరుడు) పాత్ర ఆడుతున్న కుర్రాడు ఇరవై ముఖాల పాచికని వేళ్ల మధ్య చాలాసేపు తిప్పాడు. చివరికి “నరికేస్తాను” అన్నాడు. నేను వెంటనే “నీ దేవుడు నిన్ను విడిచిపెట్టాడు, శక్తులన్నీ పోయాయి” అన్నాను. మేం ఆడుతున్న పాత రూల్స్‌లో తెలిసి చెడ్డపని చేసిన పాలడిన్ ఇక ఎప్పటికీ పాలడిన్ కాడు. అతను క్యారెక్టర్ షీట్ (తన పాత్ర వివరాల కాగితం) వంక చూస్తూ అడిగాడు: “మరి నేనేం చేయాల్సింది?”

నా దగ్గర జవాబు లేదు. పైగా నా నోట్స్‌లో ఆ గాబ్లిన్ పేరు పక్కన ‘ఈవిల్’ అని నేనే రాసుకున్నాను. చెడ్డవాడని ముద్ర వేసిందీ నేనే, వాణ్ణి చంపినందుకు శిక్ష వేసిందీ నేనే. ఆ కుర్రాడు మరుసటి వారం రాలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే అడుగుతున్నాను. ఆటగాళ్ల ముందు ఏదైనా ధర్మసంకటం పెడితే ప్రతి దారికీ వెల రాయి. వదిలేస్తే తెల్లారేసరికి ఎవరికి తెలుస్తుంది? చంపితే ఆ కబురు ఎవరి చెవిన పడి, తర్వాత ఎవరు లొంగకుండా చచ్చేదాకా పోరాడతారు? ఏది ఒప్పో నువ్వు తేల్చకు, ఏం జరుగుతుందో చెప్పు. 1985లో వచ్చిన పెండ్రాగన్ అనే పాత్రల ఆట రూల్స్ చదువు. అందులో దయ-క్రూరత్వం లాంటి గుణాల జంటలు పదమూడు. ఒక్కో జంట మొత్తం ఇరవై, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఆ అంకెల్ని కదిలించేది వీరుడు చేసిన పనులే. పాత్‌ఫైండర్ అనే మరో ఆట అయితే 2023లో అలైన్‌మెంట్‌నే తీసేసింది. నువ్వు తీసేయనక్కర్లేదు. పాత్ర రాయడం పూర్తయ్యాక, చివరి గడిలో, పెన్సిల్‌తో రాసుకో.

‘నా పాత్ర అలాంటిదే’ అంటూ తోటివాళ్ల సొమ్ము కాజేసే ఆటగాడి గురించి అడిగావు. అది అలైన్‌మెంట్ సమస్య కాదు. ఆట ఆపి అతనితో నేరుగా మాట్లాడు.

ఇంకొక్క మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. నీ ప్రతిలో గాబ్లిన్‌ని మొదటినుంచి చివరిదాకా ‘అది’ అన్నావు. ‘అది అరిచింది, అది చచ్చింది.’ మన వ్యాకరణం ఆ ఒక్క మాటతోనే తీర్పు చెప్పేస్తుంది. ‘వాడు’ అనో ‘ఆమె’ అనో మార్చి ఆ పేజీ మళ్లీ రాసి పంపు. కత్తి కింద పడేశాక వాడు మొదట ఏం అడుగుతాడో, అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ప్రేమతో,
నీ అన్న